రంగు తప్పిన దుబ్బు

చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో చెరుకే బతుకు. చక్కెర మిల్లుకు తోలినా, గానుగాడి అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం పంపినా ఇల్లు గడిచేది దానిమీదే. అలాంటి ఒక ఊళ్ళో, వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో, ఒక రైతు తోటలో ఒకే ఒక్క దుబ్బు రంగు తప్పింది. పైనుంచి మూడో ఆకూ నాలుగో ఆకూ పసుపెక్కి వాడిపోయాయి. మిగతా తోటంతా నిగనిగలాడుతోంది.

గట్టు మీద పోతున్న ముసలి రైతు ఆగాడు. "అల్లుడా, అది ఎర్రకుళ్ళురా. ఇయాలే తవ్వి కాల్చీ."

"ఒక్క దుబ్బుకే ఇంత గోలేటి మావా! నరికినప్పుడు సూద్దాంలే."

ఆ దుబ్బు మొదట్లో నిలిచిన నీరు కింది మడికి జారింది. నీటితో తెగులూ జారింది. రైతు అదే తోటలో విత్తనానికి ముచ్చెలు కొట్టి, గెడ్డ అవతలి చెక్కలోనూ నాటాడు. పైకి చూస్తే ముచ్చెలు పచ్చగానే ఉన్నాయి. సంక్రాంతి వేళకు ఒక గడ నిలువునా చీల్చాడు. లోపలంతా ఎరుపు, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన కల్లు వాసన. ఆ రసం పెనంలో ఎంత కాచినా బెల్లం గట్టిపడలేదు. చివరికి రెండు తోటలూ పీకాల్సి వచ్చింది.

నీతి: తోటంతా పచ్చగా ఉంది కదా అని రంగు తప్పిన దుబ్బును వదిలేయకూడదు.

ఈ కథ మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ళ కోసం చెప్పాను. మన పెద్దమ్మలు, అమ్మమ్మలు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తారు. గాలికి ఆరదు, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. ఆ సెగంతా అంగిలికి తగులుతుంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో ఒక అధ్యయనం వెలువరించారు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిట్లో తెల్లబారిన పొరలు, ఎర్రమచ్చలు, కొందరికి క్యాన్సరూ కనిపించాయి.

ప్రతి కణంలోనూ ఎప్పుడు చీలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే జన్యువులుంటాయి. పొగలోని విషాలు వాటిని చెరుపుతాయి. చాలా తప్పులను ఒళ్ళు తానే సరిదిద్దుకుంటుంది. ఏళ్ళ తరబడి తప్పు మీద తప్పు పేరుకున్నాక, ఏదో ఒక కణం ఆగడం మరిచిపోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, చివరికి గడ్డ కడుతుంది. పక్క మడి గట్టుకు గండి కొట్టి నీరు మళ్ళించుకున్నట్టు, రక్తనాళాలను తనవైపు లాక్కుంటుంది. తర్వాత లింఫు కాలవల్లో పడి మెడ గ్రంథులకు చేరుతుంది. నెత్తుట్లో కలిస్తే ఊపిరితిత్తుల దాకా పోతుంది. అక్కడ మొలిచినా అది అంగిలి క్యాన్సరే. గెడ్డ దాటించి నాటినా, ముచ్చె ఏ తోటదో తెగులూ ఆ తోటదే కదా.

ఒక్కచోట మాత్రం ఈ పోలిక చెల్లదు. ఎర్రకుళ్ళు బయటినుంచి వచ్చే బూజు, దుబ్బు నుంచి దుబ్బుకు అంటుతుంది. క్యాన్సర్ మన సొంత కణమే, పక్కవాళ్ళకు అంటదు. జబ్బుపడిన అత్తకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్ళున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆమెకు జబ్బుకన్నా ఆ కంచమే ఎక్కువ బాధ.

అంగిట్లో మచ్చ మొదట్లో నొప్పి పెట్టదు. అందుకే అడ్డపొగ తాగే అమ్మమ్మ తానుగా చెప్పదు. ఈ ఆదివారం అమ్మమ్మను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, సెల్లు లైటు వేసి అంగిలి చూడండి. రెండు వారాలు దాటినా మానని పుండో, ఎర్రమచ్చో, మెడ పక్కన గట్టి బిళ్ళో కనబడితే విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో తీసుకెళ్ళండి. చెరుకు నరుకుడు అయ్యాక వెళ్దాంలే నాయినా అంటుంది. వినకుండా బస్సెక్కించండి.