తవ్వే ముందు అడిగే క్షమాపణ

కోనసీమలో ఇల్లు కట్టడం మొదలుపెడితే ముందు ఈశాన్య మూల గొయ్యి తీస్తారు. గునపానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తొలి మట్టి ఇంటి యజమాని చేతే తీయిస్తారు. గోతిలో పాలు, నవధాన్యాలు వేస్తారు. పురోహితుడు చదివే మంత్రాల అర్థం అక్కడున్న చాలామందికి తెలియకపోవచ్చు గానీ సంగతేమిటో అందరికీ తెలుసు. భూమికి గాయం చేయబోతున్నాం, తప్పు కాయమని అడుగుతున్నాం. తర్వాత పనివాళ్లు దిగుతారు. కాసేపటికి పసుపు రాసిన గునపం ఏదో, మామూలు గునపం ఏదో గుర్తుపట్టలేం.

ఆ క్షమాపణ విలువ ఎంత? అడిగినంత మాత్రాన తవ్వే హక్కు వచ్చేస్తుందా? వస్తే ఎంత లోతు వరకు, ఎన్నేళ్ల వరకు? కొండ రాయి, నది ఇసుక, నేల లోపలి గ్యాసు, మూడింటినీ తవ్వుకుంటున్న గోదావరి డెల్టా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు.

అథర్వవేదం పన్నెండో కాండ మొదట్లోనే భూమి సూక్తం ఉంది. భూమి తల్లి, మనిషి ఆమె బిడ్డ అన్న ఆ సూక్తమే తవ్వకం గురించీ మాట్లాడింది. తవ్వనని మాట ఇవ్వలేదు. తవ్విన చోటు త్వరగా మళ్లీ పెరగాలని, తవ్వేటప్పుడు తల్లి మర్మస్థానానికి దెబ్బ తగలకూడదని కోరుకుంది. దున్ని బతకాల్సినవాళ్ల నోట రావాల్సిన ప్రార్థనే అది. ఇవాళ్టి మాటల్లో పెడితే అందులో రెండు ప్రశ్నలున్నాయి. తీసింది తిరిగి నిండుతుందా? తీసేటప్పుడు ఇంకేం కదిలిపోతుంది?

బౌద్ధులు ఇంకా పట్టింపుగా ఆలోచించారు. పాళీ వినయ పిటకం ప్రకారం భిక్షువు నేల తవ్వకూడదు, మరొకరి చేత తవ్వించనూ కూడదు. మరి కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కొండలో క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటి గుహలు ఎలా వచ్చాయి? వినయ పిటకం నేలను రెండుగా విడదీసింది. మట్టి పాలు ఎక్కువున్నది ‘జాత పృథ్వి’. ఉత్త రాయి, కాలిన మట్టి ఆ లెక్కలోకి రావు. కుప్ప పోసిన మట్టి కూడా నాలుగు నెలలకు మించి వానకు తడిస్తే మళ్లీ జాత పృథ్వే! వాన నేలకు ప్రాణం పోస్తుందన్న ఎరుక రెండు వేల ఏళ్లకు ముందే ఒక శిక్షాస్మృతిలో చేరడం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. గుంటుపల్లి శిల్పులు ఇసుకరాతిని గుండ్రంగా తొలిచి, చైత్యం పైకప్పు లోపల కర్ర వాసాలను రాతిలోనే చెక్కారు. అక్కడ తలెత్తి చూస్తే పూరింటి కప్పు కింద నిలబడ్డట్టే ఉంటుంది. మధ్యనున్న స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు.

రాయి మాత్రం వానకు పెరగదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు రాయి అక్కడి కొండ నుంచే వచ్చింది. నదిలో పునాదికి గట్టి నేల అందుబాటులో లేదు, ఇసుక మీదే నిలబెట్టాలి. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఇసుకలోకి నూతులు దింపి, వాటి మీద కట్టడం లేపాడు. కదిలే ఇసుకలో పునాది వేసే ఒడుపు తనకు కావేరి మీది పాత ఆనకట్ట కట్టినవాళ్ల నుంచే వచ్చిందని ఆయన దాచుకోకుండా చెప్పాడు. కొండ కొంత తరిగింది, డెల్టా పండింది. ఈ ప్రాంతపు పండితులు ఆయన్ని భగీరథుడితో పోల్చి సంస్కృతంలో శ్లోకం కట్టుకున్నారు. తిరిగిరాని రాయిని తీసుకుని, ఏటేటా తిరిగొచ్చే పంటనిచ్చిన తవ్వకం అది. అడిగిన క్షమాపణ అక్కడ చెల్లింది.

ఇసుక దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. కొవ్వూరు, రాజమహేంద్రవరం రేవుల్లో పడవల వాళ్లు ఇసుక తీసే తీరు చూడండి. ఒకడు బకెట్టుతో నీళ్లలో మునుగుతాడు, అడుగున ఇసుక నింపుతాడు. పడవలో ఉన్నవాడు తాడు పట్టి పైకి లాగుతాడు. అంచుల దాకా నిండిన పడవ నీళ్లకు జానెడు ఎత్తున మెల్లగా ఒడ్డుకు వస్తుంది. మనిషి ఊపిరి ఎంతసేపు నిలిస్తే అంతే తవ్వకం. ఆ చోట యంత్రం దిగితే ఊపిరి అడ్డు ఉండదు, రాత్రీ పగలూ తేడా ఉండదు. నది అడుగు దిగిపోయిన కొద్దీ వంతెన నూతుల చుట్టూ ఇసుక కోసుకుపోతుంది, ఒడ్డు జారుతుంది, పక్క ఊళ్ల బావుల్లో నీళ్లు కిందికి పోతాయి. కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయవద్దన్న వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధన అందుకే వచ్చింది.

ఇసుక తిరిగి వస్తుంది కదా అంటారు. నిజమే, వరద తెస్తుంది. అయితే మునుపటంత తేవడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం 1970లలో గోదావరి ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. పైనున్న జలాశయాలు మట్టిని పట్టి ఉంచేస్తున్నాయి. రాబడి సగానికి పైగా తగ్గిన ఇంట్లో ఖర్చు పాత పద్ధతిలోనే పెట్టుకుంటూ పోతే ఏమవుతుందో ఏ గృహిణిని అడిగినా చెబుతుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి నది అడుగు మట్టం కొలవమంటున్నాయి. తిరిగి చేరిన ఇసుక ఎంతో తేల్చాకే తీయాల్సింది నిర్ణయించమంటున్నాయి. తవ్విన చోటు మళ్లీ పెరగాలన్న భూమి సూక్తం కోరికకు ఇది సర్వేయర్ భాష. కొలిచే పుల్ల పట్టుకున్నవాడు తన పని శ్రద్ధగా చేస్తే అది ప్రార్థనకు తీసిపోదు.

మర్మస్థానం మాటకొస్తే కోనసీమ వాళ్లకు పాశర్లపూడి గుర్తొస్తుంది. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి అదుపు తప్పింది. గ్యాసు ఎగదన్ని అంటుకుంది. ఊళ్లు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నిపుణులు వచ్చారు. మార్చి 15న బావిని మూసేదాకా, రెండు నెలలకు పైగా, మంట ఆరలేదు.

ఇంత మంటకు మూలం ఒక తూకంలో ఉంటుంది. డ్రిల్లింగ్ చేస్తూ బావి నిండా బరువైన బురద నింపుతారు, మడ్ అంటారు దాన్ని. కింద గ్యాసు పైకి తన్నే ఒత్తిడి కంటే ఈ బురద బరువు కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే గ్యాసు పైకి తన్నుకొస్తుంది. మరీ ఎక్కువైతే రాతిపొర చీలి బురద అందులోకి పోతుంది, మళ్లీ బరువు తగ్గుతుంది. ఆ సన్నటి ఇరుకులో వేల మీటర్లు దిగాలి. బురదకు బరువిచ్చేది బెరైటీస్, మన రాయలసీమ వాళ్ల మాటల్లో ముగ్గురాయి. దాని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి మంగంపేటలో ఉంది. మామూలు రాయి నీటి కంటే రెండున్నర రెట్లకు కొంచెం పైన బరువుంటే, మంచి ముగ్గురాయి నాలుగు రెట్లు దాటుతుంది. దాన్ని పిండి కొట్టడంలోనే నేర్పుంది. ముతకగా ఉంటే బురదలో అడుక్కి దిగిపోతుంది, మరీ మెత్తనైతే బురద చిక్కబడి పంపు మొరాయిస్తుంది. ఒక చోట భూమిని తవ్వి, పొడి చేసి, మరో చోట భూమి ఊపిరిని అదిమిపెట్టడానికి వాడుతున్నాం. మనిషి బుద్ధికి ఇది గొప్ప నిదర్శనం. అంత బుద్ధి ఉన్నవాడి బాధ్యత కూడా అంతే పెద్దది.

కనిపించే మంట ఆరిపోతుంది. కనిపించనిది నేల కుంగడం. గ్యాసు తీయడం వల్లే తమ భూములు దిగుతున్నాయని కోనసీమ రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. డెల్టా మట్టి తనంత తానే కుదించుకుంటుంది, ఒండ్రు తగ్గితే ఆ లోటు పూడదు, సముద్రమూ పెరుగుతోంది. ఇన్ని కారణాల్లో గ్యాసు వాటా ఎంతో కొలవనిదే ఎవరి మాటా తెగదు. ఇటలీలో పో నది డెల్టాలో 1938 నుంచి 1961 వరకు నీటితో కలిసిన మీథేన్ తోడారు. నేల కొన్ని చోట్ల రెండు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి ప్రభుత్వం తోడడం ఆపించింది. పాశర్లపూడి బావులు అంతకంటే చాలా లోతువి కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అయితే అక్కడ వాదన తేల్చింది ఏటేటా తీసిన మట్టపు కొలతలే. ఇక్కడ కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరిచెట్లు మొవ్వులు రాలి మోడులై నిలబడ్డాయి. ఆ తోటల రైతుకు ఎత్తుపల్లాల లెక్క చేతికివ్వాలి. ఓదార్పు మాటలతో అతని కడుపు నిండదు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకు రంగులు వేస్తారు, లక్షల మంది మునుగుతారు. ఆ లోగా ప్రతి ఇసుక రేవు దగ్గరా ఒక బోర్డు పెట్టించండి. వానలకు ముందు నది అడుగు మట్టం ఎంత, వానల తర్వాత ఎంత, తీసిన ఇసుక ఎంత. ప్రతి గ్యాసు బావి ఉన్న పంచాయతీలో ఏటా నేల మట్టం కొలిచి గోడ మీద రాయించండి. గ్రామసభలో ఈ రెండూ అడగండి, సమాధానం వచ్చేదాకా అడగండి.