గ్రంథములో కనబడని పేళ్లు

ధ్యానభాగము: ఎజ్రా 2:59–63



బబులోను చెరనుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు తమ వంశావళిని వెదకిరి గాని అది దొరకలేదు. అందుచేత వారు యాజకత్వమునకు దూరమైరి. పరిశుద్ధమైన భోజనమునకును దూరమైరి. పేరు వ్రాసి దాచుట అల్పమైన పనియా?

ఇట్టి వెదకుట నేడును జరుగుచున్నది. అమెరికాలో తాము జర్మను సంతతివారమని చెప్పుకొనువారు నాలుగు కోట్లకు పైగా నున్నారు. వారి పితరులలో అనేకులు రైను నదీతీరపు పల్లెలలో సేద్యము చేసినవారు. యుద్ధములకును పన్నులకును తాళలేక, 1709 నాటి ఘోరమైన చలికి ద్రాక్షతోటలు చచ్చిపోగా, వేలకొలది జనులు ఇల్లు విడిచిరి.

1727 నుండి ఫిలడెల్ఫియా రేవులో దిగిన జర్మను పురుషులు ఇంగ్లాండు రాజునకు విధేయులమని ప్రమాణము చేయవలసియుండెను. వ్రాత రానివాని పేరు గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసి, వానిచేత గుర్తు పెట్టించెను. కనుక ఒకే ఇంటిపేరు నాలుగు విధములుగా కనబడును. కాలము గడువగా ముల్లరు మిల్లరాయెను, ష్మిట్టు స్మిత్తాయెను. ఆ సంతకముల పట్టీలలో స్త్రీలును పదునారేండ్లలోపు పిల్లలును సామాన్యముగా లేరు. రాజునకు కావలసినది మగవాని ప్రమాణమే గదా!

ఆ తల్లులును బిడ్డలును ఎక్కడ దొరుకుదురు? సంఘపుస్తకములో. బాప్తిస్మము పొందిన శిశువు పేరు, తలిదండ్రుల పేళ్లు, జ్ఞాన తలిదండ్రుల పేళ్లు పాదిరి అందులో వ్రాసెను. (కొందరు పాదిరులు తల్లి పేరు విడిచిపెట్టిరి, అది మెచ్చదగినది కాదు.) జ్ఞాన తలిదండ్రులు తరచుగా బంధువులో స్వగ్రామస్థులో యగుటచేత, వారి పేళ్లనుబట్టి పూర్వపు పల్లె తెలిసినవారు కలరు. పల్లె తెలియనిదే జర్మనీలో వెదకుట ఊరిపేరు లేక ఉత్తరము వేసినట్లే. దేశమంతట ప్రభుత్వపు జనన మరణముల లెక్క 1876 లో గాని రాలేదు. అంతకు ముందు అనేక ప్రాంతములలో పాదిరి పుస్తకమే ఆధారము. 1618 నుండి 1648 వరకు జరిగిన యుద్ధములో కాలిపోయిన పుస్తకములెన్నో. అక్కడ వెదకువాని దారి ఆగిపోవును.

1842 లో గుంటూరు చేరిన హయ్యరుగారును అట్టి వలసవారే. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793 లో పుట్టి, 1807 లో బాలుడుగానే ఫిలడెల్ఫియాకు పంపబడిరి.

ఇప్పుడు ఎజ్రా గ్రంథమును మరల చూడుడి. అధికారి ఆ యాజకులను ఇశ్రాయేలీయులు కారని త్రోసివేయలేదు. ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడు లేచువరకు ఆగుమనెను. కాగితము మౌనముగా నున్నంతమాత్రమున తీర్పు ముగియలేదు. మనలో అనేకుల తాతముత్తాతల పేళ్లు ఏ కరణము దస్త్రములోను గౌరవముతో వ్రాయబడలేదు. “మీ వంశమేది?” అని అడిగి నవ్వినవారున్నారు. ఆ ఇండ్లలో కొన్నింటికి మొట్టమొదటి వ్రాత బాప్తిస్మపు రిజిష్టరులోని ఒక్క పంక్తియే. శిష్యులు తమ పేళ్లు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషింపవలెనని ప్రభువు చెప్పెను (లూకా 10:20). ఆ గ్రంథమునకు చెదలు పట్టదు.

మన గుడిపెట్టెలోని దానికి పట్టును. పెద్దలారా, వానలు రాకముందే దానిని తీసి ఎండలో ఆరబెట్టుడి. చినిగిన పుటలను మరియొక పుస్తకములో ఎత్తి వ్రాయించుడి. వ్రాయునప్పుడు తల్లి పేరును విడువకుడి.