లజ్జో మాట

సినిమాల గురించి రాసే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటాను. తీరిక దొరికినప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరు పెట్టినప్పుడు కూర్చుని చూసే మామూలు ప్రేక్షకురాలిని. నా హిందీ కూడా ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షల కోసం బట్టీ పట్టిన హిందీయే. చిన్నప్పుడు దూరదర్శన్‌లో చిత్రహార్ వస్తుంటే పాటల్లో సగం మాటలు తెలిసేవి కావు. అయినా వంటింట్లోంచి అమ్మా, పక్కింటి అత్తయ్యా తడి చేతులతోనే వచ్చి నిలబడేవాళ్లు. హిందీ ప్రేమకథలు మా ఇంట్లోకి అలా వచ్చాయి. ఇష్టం ముందు వచ్చింది, అర్థం తర్వాత వచ్చింది.

‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ 1995 అక్టోబరులో విడుదలైంది. అప్పుడు నేను హైదరాబాదులో ఎమ్మే చదువుతున్నాను. హాస్టల్ నుంచి ఏడుగురం కలిసి వెళ్లాం. చివర్లో రైలు కదిలిపోతుంటే, తండ్రి పట్టుకున్న కూతురి చెయ్యి వదిలేస్తే, ఏడుగురమూ ఏడ్చాం. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

అందులో నాకు నచ్చిందేమిటి? షారుఖ్ ఖాన్ నచ్చాడు. 1993లో ‘బాజీగర్’లో ప్రేమ నటించి అమ్మాయిని మేడ మీంచి తోసేసినవాడు, అదే ఏడాది ‘డర్’లో వెంటపడి ఒక స్త్రీ బతుకును భయంతో నింపినవాడు, రెండేళ్లు తిరక్కుండా ఇక్కడ పెళ్లింటి ఆడవాళ్ల మధ్య చేరి కబుర్లు చెబుతూ కనిపించాడు. మన అట్లతద్దిలాగే ఉత్తరాది ఆడవాళ్లు చంద్రుడు వచ్చేదాకా ఉపవాసం ఉండే కర్వాచౌత్ నాడు, సిమ్రన్‌తో పాటు తనూ తినకుండా ఉన్నాడు. మా నాన్న అట్లతద్ది మధ్యాహ్నం కడుపునిండా భోంచేసి కునుకు తీసేవారు. ఆ చిన్న తేడాకే మా ఏడుగురి మనసులూ కరిగిపోయాయి. కాజోల్ కూడా అంతే. అందంగా కనిపించాలన్న ఆదుర్దా లేకుండా, కలిసిపోయిన కనుబొమలతో, నోరారా నవ్వే అమ్మాయి. మేము అలా నవ్వితే హాస్టల్ వార్డెన్ కోప్పడేది.

2019లో ‘కబీర్ సింగ్’ వచ్చింది. మన ‘అర్జున్ రెడ్డి’కి అదే దర్శకుడు సందీప్ రెడ్డి వంగా తీసిన హిందీ రూపం. కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి బుగ్గ మీద అడక్కుండా ముద్దుపెట్టి, ఈమె నాది అని నలుగురికీ చాటేవాడు అందులో హీరో. ఇంట్లో దాన్ని తిడుతూ కూర్చున్నాను. మా అమ్మాయి అంతా విని, “అమ్మా, నీ రాజ్ మాత్రం అడిగాడా?” అంది.

నేను వెంటనే రాజ్ వైపు నిలబడ్డాను. తర్వాత ఆలోచిస్తే నిలబడ్డానికి చోటు అంతగా లేదు. యూరప్ రైల్లో పరిచయం లేని అమ్మాయి లోదుస్తు చేత పట్టుకుని ఏడిపిస్తాడు రాజ్. తాగిన మర్నాడు ఆమె ఏమీ గుర్తులేక కంగారుపడుతుంటే, రాత్రి ఏదో జరిగిందని నమ్మించి ఏడ్పించి, ఆ తర్వాత హిందుస్తానీ స్త్రీ పరువు విలువ తనకు తెలుసని ఓదారుస్తాడు. భయపెట్టిన చేత్తోనే కన్నీళ్లు తుడవడాన్ని మేము మర్యాద అనుకున్నాం.

కానీ నన్ను నిజంగా నిలదీసింది ఆ దృశ్యాలు కావు. సినిమా రెండో సగంలో, పంజాబు పల్లెకు వచ్చిన రాజ్‌ని సిమ్రన్ అడుగుతుంది, నన్ను ఇక్కణ్ణించి తీసుకుపో అని. అతను ఒప్పుకోడు. మీ నాన్న తన చేత్తో ఇస్తేనే తీసుకువెళ్తానంటాడు. తర్వాత సిమ్రన్ తల్లి లజ్జో నగలు తెచ్చి అతని చేతుల్లో పెట్టి, దీన్ని తీసుకుని వెళ్లిపో అంటుంది. అప్పటికే ఆమె కూతురికి తన కథ చెప్పి ఉంటుంది. ఆడా మగా ఒకటేనని చిన్నప్పుడు విన్నదీ, పెద్దయ్యాక అన్నదమ్ముల చదువు కోసం తన చదువు ఆగిపోయిందీ, నీకిలా జరగనివ్వనని మాటిచ్చుకున్నదీ, ఆ మాట నిలుపుకోలేకపోయిందీ. బతుకంతా వదులుకుంటూ వచ్చిన మనిషి మొదటిసారి ఒక పని చెయ్యబోతుంది. ఈ కుర్రవాడు ఆమె పాదాలకు మొక్కి, నగలు వెనక్కిచ్చి, నీతి చెబుతాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. నేనూ కొట్టాను.

ఇప్పుడు అర్థమవుతోంది మేము దేనికి చప్పట్లు కొట్టామో. ఆ కథలో ఎవరి బతుకు సంగతో వాళ్లు, ఇద్దరు స్త్రీలూ, నోరు తెరిచి తమ ఇష్టం చెప్పారు. ఇద్దరి మాటా చెల్లలేదు. మిగిలింది ఇద్దరు మగవాళ్ల మధ్య వ్యవహారం. ఇచ్చేవాడి పరువు, పుచ్చుకునేవాడి సంస్కారం. సిమ్రన్ మొదట్లో నెల రోజుల యూరప్ ప్రయాణం కోసం తండ్రిని బతిమాలుకుంటుంది. చివర్లో ఆయన చెయ్యి వదిలితేనే రైలు వైపు పరుగెత్తుతుంది. సెలవైనా, జీవితమైనా ఆయన చేతి మీదుగా రావలసిందే. ఇష్టం ఆమెది, అనుమతి ఆయనది. ఈ రెంటి మధ్య దూరాన్ని ఆ సినిమా ఎంత తియ్యగా కప్పిందంటే, అనుమతి దొరకడమే ఇష్టం నెరవేరడం అని నమ్మేశాం.

నమ్మి ఊరుకుని ఉంటే ఇది రాసేదాన్ని కాదు. పదిహేనేళ్ల కిందట, డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న నా విద్యార్థిని ఒకరోజు స్టాఫ్‌రూమ్ ఖాళీ అయ్యేదాకా ఆగి నా దగ్గరికొచ్చింది. వేరే కులం అబ్బాయి. ఇద్దరూ మేజర్లే. “మేడమ్, వెళ్లిపోదామనుకుంటున్నాం” అంది. ఏం చెయ్యమంటారని ఆమె అడగలేదు, నేనే చెప్పాను. “పారిపోవద్దు. మీ నాన్నకు చెప్పు. ఓపిక పట్టు, ప్రేమ నిజమైతే ఆయనే కరుగుతాడు” అన్నాను. ఎంతో బాధ్యతగా మాట్లాడానని ఆ సాయంత్రం సంతృప్తి కూడా పడ్డాను. ఆమె ఇంటికి వెళ్లి చెప్పింది. మళ్లీ కాలేజీకి రాలేదు. పరీక్షలు రాయలేదు. రెండు నెలల్లో మరొకరితో పెళ్లి చేశారని స్నేహితురాళ్లు చెప్పారు.

ఆ సలహా నాకెక్కడిదని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. నేను చదివిన స్త్రీవాద సాహిత్యంలో లేదు. క్లాసులో చెప్పే పాఠంలోనూ లేదు. అది రాజ్ మాట. తెలుగులోకి మార్చి, టీచరమ్మ గొంతుతో ఆ పిల్లకు అప్పజెప్పాను.

రాజ్‌కి ఆ మాట చెల్లింది. ఎందుకంటే అతనూ పంజాబీయే, డబ్బున్నవాడే, ఆ ఇంటి పూజల్లో, పాటల్లో ఇట్టే కలిసిపోగలవాడు. ఆ సినిమాలో కులం మాట రానే రాదు. అక్కడ తండ్రికి కరగడం కష్టమే గానీ కోల్పోయేది ఏమీ లేదు. మన దగ్గర సంగతి వేరు. ఇద్దరు వయసొచ్చినవాళ్లు ఇష్టపడితే పెళ్లికి కుటుంబం అంగీకారం గానీ, కులం అంగీకారం గానీ అవసరం లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న దళిత యువకుడు ప్రణయ్‌ని గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. ‘ఓపిక పట్టు, కరుగుతాడు’ అన్న మాట ఎవరికి చెబుతున్నామో, ఎక్కడ నిలబడి చెబుతున్నామో చూసుకోవద్దా?

అయితే ఆ సినిమా చూసి ఆనందించడమే తప్పా? ఈ ప్రశ్నకు తేలిగ్గా అవునని చెప్పలేను. సినిమాలో చూసే కన్ను మగవాడిదని లారా మల్వీ 1975లోనే చెప్పింది. కానీ ప్రేమ నవలలు చదివే అమెరికన్ గృహిణులతో మాట్లాడి జానిస్ రాడ్వే 1984లో రాసిన పుస్తకం మరో సంగతి చెప్పింది. ఆ చదివే కాసేపు తమ సొంతమని, పొద్దస్తమానం అందరినీ చూసుకునే తమను చూసుకునే మనిషి ఆ పుస్తకాల్లో దొరుకుతాడని ఆ ఆడవాళ్లు అన్నారు. యద్దనపూడి సులోచనారాణి నవలలు చదువుకున్న మా అమ్మను ‘కలల్లో బతుకుతావు’ అని నాన్న ఎగతాళి చేసినప్పుడు ఆయనకు తట్టని విషయం ఇదే. ఆ ఆకలి నిజమైంది. మనతో పాటు ఉపవాసం ఉండే మగవాడు కావాలనుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ ఆకలికి అన్నం పెడుతూ, కంచం పక్కనే తండ్రి అనుమతిని కూడా వడ్డించడం దగ్గరే మోసం ఉంది. తినేవాళ్లం రెంటినీ కలిపి తిన్నాం.

కాబట్టి ఆనందానికి నేను క్షమాపణ చెప్పుకోను. ఆ ఆనందాన్ని నీతిగా మార్చి ఇంకొకరి బతుకు మీద పెట్టినందుకు మాత్రం జవాబుదారీని. మన ఇష్టాలు మన గదిలో ఉన్నంతసేపు మనవి. సలహాగా గడప దాటిన క్షణం నుంచి వాటికి లెక్క చెప్పాలి. రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం, మన మాట వినే అమ్మాయిలున్నవాళ్లం, మనకు ఆ లెక్క ఇంకా ఎక్కువ.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయితో కలిసి మళ్లీ చూశాను. సర్సొం తోట వచ్చేసరికి నా మొహం వెలిగిపోయిందని అది నవ్వింది. నగల దృశ్యం దగ్గర ఆపమన్నాను. లజ్జో చేతుల్లోని ఆ మూట వైపు ఇన్నేళ్లుగా నేను సరిగా చూడనే లేదు. ఆ కథలో నేను నిలబడాల్సిన చోటు అది. వయసుకి, ఉద్యోగానికి, చదివిన చదువుకి తగిన చోటు.

ఆ విద్యార్థిని తర్వాత ఇలాంటి సంగతి చెప్పుకోవడానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు నా దగ్గరికి. మీ నాన్న ఒప్పుకుంటారా అని అడగలేదు. నీకేం కావాలి అని అడిగాను. నీ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి, చేతిలో డబ్బెంత ఉంది, ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇవ్వాలని తెలుసా, ఆ 30 రోజులూ ఎక్కడుంటావు అని అడిగాను. ఒకమ్మాయి ఆలోచించుకుని, పెళ్లి ఇప్పుడే వద్దు మేడమ్, ముందు ఉద్యోగం అంది. సరేనన్నాను. మొదటి అమ్మాయిని నేను అడగని ప్రశ్నలివి. ఆమె ఎక్కడుందో కనుక్కోవాలని ప్రతి ఏడూ అనుకుంటాను. కనుక్కుని ఏం చెప్పాలో తెలియక ఆగిపోతాను.