అతుకు

అమ్మమ్మ సగంలో వదిలి వెళ్ళిన లేసు గుడ్డ ఒకటి మా ఇంట్లో ఉంది. నరసాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో కూలికి అల్లేది. ఇది మాత్రం మాకోసం మొదలుపెట్టింది. పూర్తి చేద్దామని మొన్న కూర్చున్నా. అదే తెలుపు తేవాలా, వేరే రంగు కలపాలా?

అతుకు కనబడకపోవడమే పనితనం అంటుంది అమ్మ. ముడేస్తే ఎప్పుడో జారుతుంది. కొస జానెడు వదిలి, వెనకవైపు కుట్లలోంచి అటోసారి ఇటోసారి దూర్చాలి. నిజమే. కానీ మరియా మీస్ 1982లో నరసాపురం లేసు మీద వేసిన పుస్తకం చదివాక ఆ మాట పూర్తిగా మింగుడు పడటం లేదు. విదేశాలకి వెళ్ళే సరుకు అల్లిన ఆడవాళ్ళని ‘ఇంట్లో ఉండేవాళ్ళు’ అనే లెక్కేశారు. అతుకుతో పాటు అల్లిన మనిషీ కనబడలేదు. మా ఆఫీసు కోడ్‌లో అయితే ఏ లైను ఎవరు రాశారో ఇట్టే తెలుస్తుంది.

రంగు మార్చడంలో ఒక కిటుకుంది. పాత దారంతో కుట్టు ముగించకూడదు. సూది మీద చివరి రెండు ఉచ్చులుండగానే కొత్త దారం లాగాలి. అంటే పాత కుట్టుని ముగించేది కొత్త రంగే.

నీలం తెచ్చాను. అమ్మమ్మ ఆఖరి కుట్టుని ఒక్క ఉచ్చు వెనక్కి విప్పి, నా దారంతో ముగించాను. ఊడిపోకూడదు కాబట్టి కొసలు దాచాను. రంగు దాచలేదు. ఆవిడ ఎక్కడిదాకా అల్లిందో మా అమ్మాయికి తెలియాలి.