తెలిసినట్టే భావించబడును

ప్రభుత్వ ప్రకటనల్లో ఒక మాట తరచు కనబడుతుంది. ఫలానా తేదీలోగా ఆక్షేపణలు తెలుపుకోవాలనీ, తెలుపుకోనివారికి ఆక్షేపణ లేనట్టే భావించబడుననీ ఉంటుంది. కన్నడంలో వేసినా, తమిళంలో వేసినా, ఒడియాలో వేసినా, యానాంలో తెలుగులో వేసినా ధోరణి ఒక్కటే. ఎదుటివాడికి తెలిసిందా లేదా అని కనుక్కునే శ్రమ లేకుండా, తెలిసినట్టే అనుకుని ముందుకు సాగిపోవడానికి పనికివచ్చే మాట అది. మూడు దశాబ్దాలుగా బ్యాంకు కాగితాలతో కాపురం చేస్తున్నవాణ్ణి కనుక ఆ మాట అవసరం నాకు తెలుసు. అది లేకపోతే ఏ ఆఫీసూ నడవదు. అయితే అది ఎంతవరకు న్యాయం అన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

బి.కాం.లో కంపెనీ లా చెప్పిన మా లెక్చరర్ రెండు సూత్రాలను జంటగా చెప్పేవారు. మొదటిది కన్‌స్ట్రక్టివ్ నోటీసు. కంపెనీ మెమొరాండం, ఆర్టికల్సు రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరైనా చూసుకోవడానికి ఉంటాయి కనుక, ఆ కంపెనీతో లావాదేవీ పెట్టుకున్న ప్రతివాడూ వాటిని చదివినట్టే లెక్క. చదవలేదని తరువాత మొరపెట్టుకుంటే చెల్లదు. రెండోది ఇండోర్ మేనేజిమెంటు. ఇంగ్లండులో 1856లో తీర్పయిన టర్క్వాండ్ కేసు దీనికి మూలం. ఒక కంపెనీ డైరెక్టర్లు బ్యాంకుకు బాండు రాసి అప్పు తెచ్చారు. అప్పు చేయాలంటే వాటాదారుల సభలో తీర్మానం కావాలి. ఆ తీర్మానం సరిగా జరగలేదు. ఆ వంకతో కంపెనీ తప్పించుకోబోతే కోర్టు ఒప్పుకోలేదు. బయటివాడు పైకి కనబడే కాగితాలు చూసుకుంటే చాలుననీ, లోపల ఏ తీర్మానం జరిగిందో, ఎవరు ఎవరికి చెప్పారో ఆరా తీయనక్కరలేదనీ, అంతా సక్రమంగా జరిగిందనుకునే హక్కు అతనికి ఉందనీ తేలింది. గెలిచింది బ్యాంకు కనుక మా వృత్తివాళ్ళకు ఈ కేసు మీద కాస్త అభిమానం ఎక్కువ.

మొదటి సూత్రం బయటివాడి మీద బరువు పెడుతుంది. రెండోది లోపలివాడి మీద పెడుతుంది. ఒక తక్కెడకు రెండు సిబ్బెల్లాంటివి. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఈ సంగతి ఒక చిన్న పట్టణం వీధిలో అక్కరకు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మాది చిక్కబళ్ళాపురం జిల్లా. 2007 దాకా మేము కోలారు జిల్లావాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిసిన మాట. పురసభ ఉన్న చిన్న ఊరు. ఊరు చిన్నదైనా దాన్ని ఏలేవాళ్ళు మాత్రం చాలామంది. బస్టాండు ముందు పెద్ద రోడ్డు లోకోపయోగి శాఖది. దాని నుంచి చీలే వీధులు పురసభవి. కొళాయి నీళ్ళు వదిలేది పురసభ. కొత్త పైపుల పథకం వేసేది రాష్ట్రస్థాయి బోర్డు, వేశాక పురసభకు అప్పగిస్తుంది. స్తంభాలు విద్యుత్ కంపెనీవి; వాటికి వేలాడే వీధిదీపాలు పురసభవి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చినప్పుడు పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకని 18 విషయాలు రాశారు. నీటి సరఫరా, రోడ్లు రెండూ అందులో ఉన్నాయి. కాని ఎంతవరకు అప్పగించాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. అదే సవరణలో వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్లకే. మా వంటి ఊళ్ళలో కౌన్సిలరు ఇంటి అరుగే వార్డు కమిటీ.

రెండేళ్ళ కిందట ఒక అవ్వ గడువు తీరకముందే డిపాజిట్టు తీసుకోవడానికి మా శాఖకు వచ్చింది. (ఖాతాదారు పేరు చెప్పకూడదు. ఊరి పేరు రాయనిది కూడా అందుకే.) ఆ ఏడు వాళ్ళ వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. రోడ్డు ఆమె గడప కన్నా జానెడు ఎత్తు లేచింది. వాననీళ్ళు ఇంట్లోకి రాకుండా గడప ముందు కట్ట కట్టించి, మెట్లు వేయించి, కొళాయి గొట్టాన్ని ఎత్తు చేయించేసరికి 14,000 రూపాయలయింది. మూడు నెలలు తిరగకుండానే ఇంకో కాంట్రాక్టరు మెషిను తెచ్చి, కొత్త పైపులైను కోసం ఆ రోడ్డునే తవ్వాడు. మెట్లు పోయాయి, కట్ట పగిలింది, కొళాయి గొట్టం తెగింది. డబ్బు కోసం అవ్వ మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. కాగితం మీద వేలిముద్ర వేస్తూ అడిగింది:

"రోడ్డు వేసినోళ్ళూ సర్కారోళ్ళే, తవ్వినోళ్ళూ సర్కారోళ్ళే గదా నాయనా. వాళ్ళలో వాళ్ళు ఒక మాట చెప్పుకోరా?"

టర్క్వాండ్ కేసు సారం ఇంత తక్కువ మాటల్లో మా లెక్చరర్ కూడా చెప్పలేదు.

ఒక రోజు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. పురసభ గుమాస్తా మర్యాదగా కుర్చీలు వేయించాడు. రోడ్డు పని గురించి నోటీసు బోర్డులో పెట్టామన్నాడు. "చూడలేదా అవ్వా?" అని కూడా అడిగాడు. పైపుల పని తమది కాదు, బోర్డును అడగమన్నాడు. మరో రోజు బోర్డువారి దగ్గరికి పోయాం. వాళ్ళూ టీ ఇప్పించారు. పైపులు వేయబోతున్నామనీ, ఆ వీధుల్లో రోడ్డు పని ఆపమనీ ముందే పురసభకు ఉత్తరం రాశామని నకలు చూపించారు. దాని మీద పురసభ ఇన్వర్డు ముద్ర, తేదీ ఉన్నాయి. తిరిగి పురసభకు వస్తే, ఉత్తరం వచ్చినమాట నిజమే, ఇంజినీరింగు సెక్షనులో ఉంది, అప్పటికే టెండరు అయిపోయింది, మార్చి దాటితే నిధులు మురిగిపోతాయి అన్నారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ పైసా అడగలేదు. ప్రతి ఒక్కరి దగ్గరా నంబరు వేసిన కాగితం ఉంది. నష్టం మాత్రం అవ్వది. చివరికి పైపుల కాంట్రాక్టరు రెండు మూటల సిమెంటు, ఒక పూట మేస్త్రీ పని ఇప్పించాడు. అది దయతలిచి ఇచ్చాడు. ఆమెకు రావలసిన బాకీ అని ఎవరూ ఒప్పుకోలేదు.

తప్పు చేసిన మనిషి దొరకనప్పుడు తప్పు జరగలేదని అనవచ్చునా? చాలామంది స్నేహితులు ఇది వ్యవస్థ లోపమని తేల్చేశారు. నాకు ఆ మాట నచ్చదు. వ్యవస్థ అనేదానికి గడప లేదు, మెట్లు లేవు, 14,000 పోగొట్టుకునే వీలూ లేదు. అవ్వ విషయంలో జరిగినదేమంటే, ఆమె మీద మొదటి సూత్రాన్ని పూర్తిగా ప్రయోగించి, రెండో సూత్రం ఆమెకు దక్కనివ్వలేదు. చదువు రాని మనిషి నోటీసు బోర్డు చదివినట్టే భావించారు. అది సరేననుకున్నా, ఏ ఆఫీసు ఏ ఆఫీసుకు ఎప్పుడు ఉత్తరం రాసిందో, అది ఏ బల్ల మీద ఆగిందో కూడా ఆమే కనుక్కోవాలన్నారు. బయటివాడికి పట్టనక్కరలేని లోపలి వ్యవహారాన్ని బయటివాడి నెత్తిన పెట్టడం ఏ తక్కెడలో తూచినా సరిపోదు.

ఆఫీసుల పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. ఖాళీలు నిండని సెక్షన్లు ఎలా నడుస్తాయో, మార్చి నెలాఖరు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రతి ఇంటికీ పోయి తెలిసిందా అని అడిగి, తెలిసిందన్నాకనే పని మొదలుపెట్టాలంటే ఊళ్ళో ఒక్క కాలువ కట్టలేరు. చదువుకున్నవాళ్ళం కూడా అంత శ్రద్ధగలవాళ్ళం కాము. టెండరు ప్రకటనల పుట పత్రిక కొనే ఇళ్ళలో సైతం చదవకుండానే పొట్లాలకు పోతుంది. కనుక ఎక్కడో ఒకచోట "తెలిసినట్టే" అనక తప్పదు. కాని ఆ మాట అనే హక్కు ఊరికే రాదు. చెప్పడానికి చేతనైనంత చేసినవాడికి ఆ హక్కు ఉంటుంది. పక్క బల్లతోనే మాట్లాడనివాడికి ఎక్కడిది?

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కోర్ బ్యాంకింగు లేదు. ఒక శాఖ మరో శాఖ పేర పద్దు వేసి, అడ్వైజు కాగితం తపాలాలో పంపేది. దాన్ని ఒరిజినేటింగ్ ఎంట్రీ అనేవాళ్ళం. అవతలి శాఖ అందుకుని, తన పుస్తకంలో ఎదురు పద్దు వేస్తే అది రెస్పాండింగ్ ఎంట్రీ. ఆ రెండోది పడేదాకా మొదటిది తేలని పద్దే. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళు "పంపాము సార్" అంటే వినేవాళ్ళు కాదు, "అవతల పడిందా?" అనే అడిగేవాళ్ళు. సరిచూసుకోని కాగితాల మీద నమ్మకంతో బ్యాంకుల మధ్య వ్యవహారాలు సాగిపోతే ఏమవుతుందో 1992 సెక్యూరిటీల కుంభకోణంలో దేశమంతా చూసింది. పురసభకు బోర్డు రాసిన ఉత్తరం ఒరిజినేటింగ్ ఎంట్రీ. దానికి ఎదురు పద్దు పడలేదు. పడలేదని బోర్డువారు కనుక్కోలేదు. ఇన్వర్డు ముద్రను వాళ్ళు ఎదురు పద్దు అనుకున్నారు.

మా వాళ్ళను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్ల సొమ్ము 2014లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిధికి జమ అవుతుంది. ఆ ఖాతాల జాబితాలు బ్యాంకులు వెబ్‌సైట్లలో పెడతాయి. 2023లో ఉద్గమ్ అని పలు బ్యాంకులకు కలిపి వెతుక్కునే పోర్టలు కూడా వచ్చింది. మంచిదే. కాని తండ్రికి ఖాతా ఉన్న సంగతే తెలియని కొడుకు ఏ పేరు పెట్టి ఏమి వెతుకుతాడు?

పెద్దవాళ్ళు ఇలాంటప్పుడు దండోరాను తలుచుకుంటారు. తమటె వేసుకుంటూ వీధివీధికీ వచ్చి చెప్పేవాడట, "ఎన్నాళ్ళు రా? ఏ వీధి దాకా?" అని అడిగితే జవాబు కూడా దొరికేదట. గోడకు అంటించిన కాగితం ఎదురు ప్రశ్నకు జవాబు చెప్పదు, అది నిజమే. అయినా దండోరాను నేను అంతగా మెచ్చుకోలేను. కులం పేరిట వంతుగా వచ్చిన చాకిరీ అది. కర్ణాటకలో వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దుచేస్తూ చట్టం చేసింది 1961లో. ఊరందరికీ కబురు చెప్పిన ఆ మనిషిని ఎన్ని ఇళ్ళు గడప లోపలికి రానిచ్చాయి? అందరికీ చెప్పడం అన్న ధర్మాన్ని కూడా మన ఊళ్ళు అలాంటి అన్యాయం మీదనే నిలబెట్టుకున్నాయి.

చట్టం ఈ విషయంలో మనం అనుకున్నంత మొద్దుగా లేదు. 2005 సమాచార హక్కు చట్టం అనగానే పది రూపాయల అర్జీ గుర్తుకొస్తుంది గాని, దాని నాలుగో సెక్షను అడగకముందే చెప్పమంటుంది. చెప్పేటప్పుడు ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతంలో ఏ పద్ధతిలో చెబితే బాగా అందుతుందో దాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. బోర్డు మీద అంటించడమే కాక చాటింపును కూడా ఆ సెక్షను గుర్తించింది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో మరొకటి ఉంది: జిల్లాలో గాని, అంతకన్నా చిన్న పాలనా విభాగంలో గాని 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, నోటీసులను అనువదించి ప్రచురించాలని. ఈ పత్రిక పాఠకుల్లో హోసూరు, బరంపురం, బళ్ళారి వైపువారు దీన్ని ఎన్నిసార్లు అడిగి ఉంటారో, ఏమి జవాబు పొంది ఉంటారో ఊహించగలను.

ఇక్కడ నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. మా పురసభ నోటీసు పక్కన అదే నోటీసు తెలుగులో అంటిస్తే భాషాభిమానిగా సంతోషిస్తాను. అవ్వకు మాత్రం ఏమీ ఒరగదు. "సార్వజనికర గమనక్కె" అని మొదలై అరపేజీకి గాని క్రియాపదం రాని ఆ కన్నడం కన్నడిగులకే కొరుకుడుపడదు. దాన్ని యథాతథంగా తెలుగు చేస్తే మనకూ అంతే. అవ్వకు కావలసింది ఒక మనిషి గడప దగ్గర నిలబడి, "ఇప్పుడు కట్ట కట్టించుకోవద్దు, సంక్రాంతి తరవాత మళ్ళీ తవ్వుతారు" అనడం. ఆ మాట తెలుగులోనే అనాలి, అందులో సందేహం లేదు. కాని అలా అనాలంటే ముందు ఆ మనిషికి తెలియాలి. అతనికి తెలియాలంటే ఉత్తరం బల్ల మీంచి లేవాలి.

మా ఊళ్ళో అలాంటి మనిషి ఒకడు ఉన్నాడు. నీళ్ళు వదిలే నీరుగంటి. ఏ వీధికి ఏ రోజు నీళ్ళో, మోటారు ఎప్పుడు కాలిందో, కరెంటు ఎప్పుడు తీస్తారో, ఏ రోడ్డు తవ్వబోతున్నారో అన్ని ఆఫీసుల కబుర్లూ అతని దగ్గర ఉంటాయి. వాల్వు తిప్పాలంటే అవి తెలియాలి మరి. వీధి ఆడవాళ్ళందరి దగ్గరా అతని ఫోను నంబరు ఉంది. ఎత్తగానే తెలుగులో, విసుక్కుంటూనే, జవాబు చెబుతాడు. కబురు చెప్పడం అతని విధుల్లో ఎక్కడా రాసిలేదు. దానికి జీతమూ లేదు. పోయిన నెల అతన్ని వేరే వార్డుకు మార్చారు. నోటీసు బోర్డులో దాని గురించి ఏమీ పెట్టలేదు. అతనే ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి కొత్త మనిషి నంబరు ఇచ్చాడు. అవ్వ ఇంటికి మాత్రం నడిచి వెళ్ళి చెప్పి వచ్చాడట, ఆమెకు ఫోను లేదు గనక.