సలేశ్వరం పోయే అల్లుడికి

చిరంజీవి పెద్ద మేనల్లుడికి మేనత్త దీవించి రాసేది.

సలేశ్వరం దారి చెప్పమని మొన్న ఫోన్ చేశావు. పొయ్యి మీద పాలున్నాయని పెట్టేశాను. పాలూ లేవు, ఏమీ లేవు. ఆ దారి సంగతి నోటితో చెప్పడం నాకు కుదరదు. అందుకే ఈ ఉత్తరం.

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటి ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి తిరగాలి. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లకు పైగా మట్టి, రాళ్లు, గుంతలు. బండి ఆగిన చోటు నుంచి నడక నాలుగైదు కిలోమీటర్లే. విని నవ్వుకుంటావని తెలుసు, పార్కులో పొద్దున్నే అంతకు రెట్టింపు పరుగెత్తుతావు కదా. కానీ అది వేరే రకం గుట్ట. మిగతావి ముందు ఎక్కించి తర్వాత దింపుతాయి. సలేశ్వరం ముందు దింపుతుంది. కాళ్లలో సత్తువున్నప్పుడు లోయలోకి దిగుడు. గుండంలో చల్లటి నీళ్లు పోసుకుని, గుహలో లింగమయ్యను చూసుకుని, కడుపు ఖాళీ అయ్యాక, ఎండ నెత్తికెక్కాక ఎక్కుడు. “వస్తున్నం లింగమయ్యా” అని దిగేటప్పుడు లోయంతా మోగుతుంది. “పోతున్నం లింగమయ్యా” అనేసరికి సగం మందికి గొంతు పెగలదు.

1974 చైత్ర పున్నమికి మేం పోయాం. నాకు 17, మీ నాయనకు 11. అప్పటికి అది పులుల అడవి అని కాగితం మీద రాయలేదు, 1983లో కదా ఆ పని చేసింది. గేటు లేదు, రుసుము లేదు. లింగాల దాకా ఎడ్ల బండి, ఆపైన కాలినడక. తునికి పండ్లు ఏరుకుని తింటూ, గింజలు ఒకరి మీద ఒకరం ఉమ్ముకుంటూ పోయాం. రాత్రి బండ మీద పడుకుంటే ఎక్కడో కణుజు అరిచింది. మీ నాయన నా కొంగు పట్టుకునే నిద్రపోయాడు.

మన వాడకట్టులో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్లను నేను. ఆ పొగరు కాళ్లలోకి కూడా దిగింది. మా పెద్దనాయన కొడుకుతో పందెం వేసుకున్నాను, పైకి ఎవరు ముందు చేరతారో చూద్దామని. సొరకాయ బుర్రలో అందరి నీళ్లూ ఉన్నాయి. బరువని దాన్ని మీ నాయన మెడకు తగిలించి, ఖాళీ చేతులతో ఎక్కాను.

మీ నాయన కాలు సలేశ్వరంలో విరిగిందని మన ఇంట్లో అందరికీ తెలుసు. పిలగాడు బండ మీద జారాడు, ఎవరూ చూడలేదు, ఇదే కదా నువ్వు విన్న కథ. యాభై ఏళ్లుగా నేనూ అదే చెబుతున్నాను. వాడు పిలిచాడు. “అక్కా, జర ఆగవే” అన్నాడు, రెండుసార్లు. నాకు వినిపించింది. నేను ఆగలేదు.

వాడిని పైకి మోసుకొచ్చింది చెంచులు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి జోలె చేశారు. వాళ్లలో పెద్దాయన జోలె దించి, మా అందరినీ ఒకసారి చూసి, “పిలగాని ఎనక ఎవరు రాలే?” అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. ఊళ్లో కట్టిన కట్టుకు ఎముక వంకరగా అతికింది. తర్వాత పోలీసు ఎంపికకు పోయి మీ నాయన ఏ పరుగులో ఆగిపోయాడో నీకు తెలిసిందే. నాతో రాఖీ కట్టించుకునే ప్రతిసారీ ఆ కాలు చాపుకునే కూర్చుంటాడు.

చెంచులు కొండతేనె తీసేది ఎప్పుడైనా విన్నావా? కొండ అంచు మీది నుంచి తాడు వేలాడేస్తారు, దాని మీద మనిషి దిగుతాడు. పైన తాడు కాచేది బావమరిది. అన్నదమ్ములకు అప్పగించరట. చెల్లెలి పసుపుకుంకుమల కోసమైనా బావమరిది తాడు వదలడని. నాకు ఎవరో ఇది నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు పత్రికల వాళ్లు సలేశ్వరాన్ని తెలంగాణ అమర్‌నాథ్ అంటున్నారు. సలేశ్వరానికి సలేశ్వరం అన్న పేరు చాలదా? పోయినోళ్లు లింగమయ్య ముందు చేతులు జోడించడం కంటే ఫోను పైకెత్తడమే ఎక్కువ. ఇంత గంటలో దిగాం, ఇంత గంటలో ఎక్కాం అని చేతి గడియారం చూసి చెప్పుకుంటారు. అడవికి ఆ లెక్కతో ఏం పని? తాగి పారేసిన సీసాలు మాత్రం జింకల నోట్లో పడతాయి. మా కాలంలో ఇవి లేవు అనబోయాను. పందెం మాత్రం ఉంది.

పోయిన దసరాకు మన అరుగు మీద కూర్చుని నీ తమ్ముడు చిన్నోడి గురించి నువ్వన్న మాట నా చెవిన పడింది. ఆ సమయానికి వాడు లోపల మీ అమ్మకు మందులు తీసి ఇస్తున్నాడు. దాని గురించి నేనేమీ రాయను.

ఇక దారి సంగతి విను. బైకుల మీద వద్దు, ఆ రాళ్లకు టైరు చీలితే బాగుచేసేవాడు దొరకడు. ఎత్తుగా ఉండే జీపు మాట్లాడుకో. ఏడాదిలో ఆ జాతర కొద్ది రోజులే, వేళలు మారుస్తుంటారు, అటవీ ఆఫీసులో ముందే కనుక్కో. మన్ననూరు గేటు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తీస్తారు, దానికి తగ్గట్టు బయలుదేరు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. తలా రెండు లీటర్ల నీళ్లు, అందులో సగం లోయ అడుగున ఉండగా ముట్టొద్దు. జొన్నరొట్టె, బెల్లం, ఉప్పు వేసిన మజ్జిగ. ఎక్కేటప్పుడు గుంపులో తోసుకోకు, పక్కకు జరిగి బండకు ఆనుకుని నిలబడు. పొద్దు వాలకముందే పైన ఉండాలి.

చిన్నోడిని తీసుకుపో. రానంటాడు, పశువులంటాడు. ఆ కొద్ది రోజులు పశువులను నేను వచ్చి చూసుకుంటాను, ఈ మాట వాడితో చెప్పు. సంచి వాడికి ఇవ్వకు. ఎక్కేటప్పుడు వాడిని ముందు పెట్టి నువ్వు వెనక నడువు, నీ ఆఫీసు స్నేహితులు ఎంత ముందుకు పోయినా సరే.

మీ నాయనను మాత్రం పిలవకు. పిలిస్తే వస్తానంటాడు.

మీ అత్త