పిలుపు వచ్చేదాకా

1223లో దోగెన్ అనే యువ సన్యాసి ధర్మాన్ని వెతుక్కుంటూ జపాన్ నుంచి ఓడలో చైనా వెళ్లాడు. ఓడ రేవులో ఉండగా, పుట్టగొడుగులు కొనడానికి ఒక ముసలి సన్యాసి వచ్చాడు. అశోక చక్రవర్తి పేరున్న కొండ మీది మఠంలో ఆయన వంట చూస్తాడు. దోగెన్‌కి ఆయన తెగ నచ్చాడు. ఈ రాత్రికి ఉండిపొమ్మన్నాడు. రేపటి వంట పాడవుతుంది, వెళ్లాలన్నాడాయన. ఇంత వయసొచ్చాక హాయిగా ధ్యానం చేసుకోక ఈ వంట చాకిరీ ఎందుకని దోగెన్ అడిగాడు. ముసలాయన పెద్దగా నవ్వాడు. సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదు నాయనా అన్నట్టు మాట్లాడి వెళ్లిపోయాడు. తర్వాత జపాన్‌లో సోతో జెన్ సంప్రదాయాన్ని నెలకొల్పిన దోగెన్, 1237లో మఠం వంటవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆ ముసలాయన కథ అందులో ఉంది. బియ్యంలో ఇసుక ఏరడం దగ్గర్నుంచి అన్నీ శ్రద్ధగా చెయ్యమని చెప్పాడు. ఆ శ్రద్ధే ఆయన దృష్టిలో సాధన.

జపాన్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి కరీనా మరుయామా జీవితం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ వంటవాడు గుర్తొస్తాడు. ఆమె జెన్ సాధకురాలని నేను అనడం లేదు. ఆమె బతికిన తీరులో నాకు కనిపించింది చెబుతున్నాను.

1983లో టోక్యోలో పుట్టిన మరుయామా ఫార్వర్డ్. గోల్ కొట్టడమే ఆ స్థానం పని. 21 ఏళ్లకే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అయితే ఆ రోజుల్లో జపాన్‌లో ఆట మీదే బతకగలిగిన అమ్మాయిలు బహు తక్కువ. 2005లో ఆమె టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ నడిపే మరీజ్ జట్టులో చేరింది. ఆ జట్టు ఉండేది ఫుకుషిమాలో. కంపెనీ ఉద్యోగం చేసుకుంటూనే ఆట ఆడాలి. మరుయామా పనిచేసింది ఫుకుషిమా దైచీ అణు విద్యుత్ కేంద్రంలో. 2009 దాకా ఆమె జీతం, స్నేహాలు, సాధన అన్నీ ఆ తీరంలోనే. తర్వాత కొంతకాలం అమెరికాలో ఆడి, తిరిగొచ్చి చిబా జట్టులో చేరింది.

2011 మార్చి 11న భూకంపం, దాని వెనకే సునామీ. ఆమె పనిచేసిన కేంద్రంలో రియాక్టర్లలోని ఇంధనం కరిగిపోయింది. అక్కడికి 20 కిలోమీటర్ల దూరంలో జె-విలేజ్ అనే పెద్ద ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం ఉంది. పాత జట్టు సాధన చేసిన ఆ ప్రాంగణం, ప్రమాదాన్ని అదుపు చెయ్యడానికి వెళ్లే కార్మికుల స్థావరమైంది. మరీజ్ జట్టు ఆట ఆపేసింది. అన్నం పెట్టిన చోటు మీదే దేశమంతా కోపంగా ఉన్నప్పుడు, అందులోనే తన పాత సహోద్యోగులు ప్రాణాలకు తెగించి పనిచేస్తున్నప్పుడు, మనసు ఏ పక్కన నిలబడుతుంది? ఆ ఇరకాటం ఎలాంటిదో ఊహించడానికే నాకు కష్టంగా ఉంటుంది.

నాలుగు నెలలు తిరక్కుండానే జర్మనీలో మహిళల ప్రపంచకప్. జూలై 9న వోల్ఫ్స్‌బర్గ్‌లో క్వార్టర్ ఫైనల్. ఎదుట ఉన్నది ఆతిథ్య జట్టు, 2003లో, 2007లో కప్పు గెలిచిన జర్మనీ. మ్యాచ్‌కు ముందు కోచ్ నోరియో ససాకి తన అమ్మాయిలకు సునామీ దృశ్యాలు చూపించాడు. మరుయామా మొదటి సగమంతా బెంచి మీదే కూర్చుంది. రెండో సగం మొదట్లో ఆమెను దింపారు. 90 నిమిషాలకూ గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 108వ నిమిషం. హొమారే సావా అందించిన బంతి వెనక మరుయామా కుడివైపు నుంచి పరుగెత్తింది. గోల్ వైపు కోణం బాగా ఇరుకు. అయినా గోల్‌కీపర్‌ను దాటించి అవతలి మూలకు కొట్టింది. జర్మనీ ఇంటిదారి పట్టింది.

కన్నీళ్లకు బదులుగా దేవుడు ఆ దేశానికి ఈ గోల్ ఇచ్చాడని అనాలనిపిస్తుంది. నేను అనలేను. సునామీ తీసుకుపోయిన వేల మందిలో ఒక్కరినైనా ఆ గోల్ తిరిగి తేలేదు. భగవంతుణ్ణి అలా జమాఖర్చుల మనిషిని చెయ్యడం ఆయనకూ అవమానం, పోయినవాళ్లకూ అవమానం. ఆ గోల్ వల్ల జరిగింది చిన్నది, నిజమైనది. ఏడ్చి అలసిపోయిన జనం ఒక పూట మరొకందుకు కళ్లు తుడుచుకున్నారు.

నన్ను పట్టుకుని వదలనిది ఆ గోల్‌కు ముందు బెంచి మీద గడిచిన సమయం. సబ్‌స్టిట్యూట్‌కు పిలుపు వస్తుందన్న హామీ లేదు. వచ్చేది ఏ నిమిషంలోనో తెలియదు. అయినా ఒళ్లు వేడిగా, మనసు ఆట మీదే ఉండాలి. మన శబరి ఎదురుచూపూ ఇలాంటిదే. రాముడు ఏ రోజు వస్తాడో ఆమెకు తెలియదు. కనక ప్రతి రోజూ ఆశ్రమం సిద్ధంగానే ఉండేది, అడవి పళ్లు సేకరించే ఉండేవి. రాముడు రాని రోజున చేసిన పని వృథా అని ఆమె అనుకోలేదు. ఫలం దొరికిన రోజునే సాధన ఫలించిందనుకుంటే, మిగిలిన రోజులన్నిటినీ మనమే పారేసుకున్నట్టు.

జూలై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికాతో ఫైనల్. అప్పుడూ మరుయామా బెంచి నుంచే వచ్చింది, 66వ నిమిషంలో. రెండుసార్లు వెనకబడి రెండుసార్లూ సమం చేసింది జపాన్. 117వ నిమిషంలో జపాన్ రెండో గోల్ సావా కొట్టింది. ఆ కాసేపటికే, ఆట ముగియబోతుండగా మరుయామాను బయటికి పిలిచి మానా ఇవాబుచిని దింపారు. జర్మనీని ఓడించిన మనిషి షూటౌట్ సమయానికి గీత ఇవతల ఉంది. పెనాల్టీలు తన్నింది వేరేవాళ్లు. చివరిది సకి కుమగాయి తన్నింది. 3-1. ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన మొదటి ఆసియా దేశం జపాన్ అయింది.

ఆ టోర్నమెంట్‌లో మ్యాచ్ అయ్యాక ఆ జట్టు ఒక పొడవాటి బ్యానర్ పట్టుకుని మైదానం చుట్టూ నడిచేది. కష్టకాలంలో అండగా నిలిచిన ప్రపంచంలోని మిత్రులందరికీ కృతజ్ఞతలు చెప్పే బ్యానర్ అది. గోల్ కొట్టినవాళ్లూ, ఒక్క నిమిషమైనా ఆడనివాళ్లూ కలిసే పట్టుకునేవారు.